మనవాళ్ళెవరైనా ఉన్నారా?

ఢిల్లీకి వచ్చేదాకా నేను తెలుగువాణ్ణన్న సంగతి నాకు ప్రత్యేకంగా పట్టలేదు. మా ఊళ్ళో ఎవరైనా అడిగితే ఫలానావారి అబ్బాయిని, ఫలానా వీధివాణ్ణి. కాలేజీకి వెళ్ళాక ఊరి పేరు చెప్పుకున్నాను, హైదరాబాదులో జిల్లా పేరు చెప్పుకున్నాను. ఏపీ ఎక్స్‌ప్రెస్ దిగి న్యూఢిల్లీ స్టేషన్ బయటికొచ్చాక ఇవేవీ పనికిరాలేదు. ఆఫీసులో నా పక్క సీటాయనకి నేను మద్రాసీని. గుంటూరైనా గుల్బర్గా అయినా తిరునల్వేలి అయినా ఆయన లెక్కలో ఒకటే. ఆ మాటకి నొచ్చుకుని, "కాదండీ, మేం తెలుగువాళ్ళం" అని చెప్పడం మొదలుపెట్టిన రోజునే నేను తెలుగువాణ్ణయ్యాను. ఇక్కడ స్థిరపడిన చాలామందిది ఇదే కథ. పరాయిచోట ఎదుటివాళ్ళు మనకో పేరు పెడతారు. అది నచ్చక మన పేరు మనం వెతుక్కుంటాం.

పేరు దొరికాక మనుషులు కావాలి. ఆ రోజుల్లో వాళ్ళు దొరికే చోట్లు కొన్ని ఉండేవి. అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్, గోల్ మార్కెట్ దగ్గర టీటీడీ గుడి, ఐఎన్ఏ మార్కెట్లో గోంగూర, మునక్కాడలు అమ్మే కొట్లు. క్యాంటీన్ వరసలో ముందు నిలబడ్డాయన నోట రెండు తెలుగు ముక్కలు చెవిన పడితే చాలు, పలకరించి ఇంటి చిరునామా రాసుకునేవాళ్ళం. అంతకు ముందు తరం ఇంకా గట్టి పనులు చేసింది. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పుట్టింది. రాజధానిలో మన పిల్లలకి తెలుగు నేర్పే బడులు అలా వచ్చాయి. 1961లో టీటీడీ శ్రీ వెంకటేశ్వర కళాశాల పెట్టింది. ఇప్పుడు ఆ కాలేజీ దగ్గరి పింక్ లైన్ మెట్రో స్టేషన్‌కి దుర్గాబాయి పేరే ఉంది. రాజమండ్రిలో పుట్టిన ఆడపడుచు పేరు ఢిల్లీ మెట్రోలో వినపడినప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషమే.

ఆ చోట్లు ఎక్కడికీ పోలేదు. ఢిల్లీయే పెరిగిపోయింది. నోయిడా సెక్టార్ 62లో ఐటీ ఉద్యోగం చేసే అమ్మాయి, గురుగ్రామ్‌లో కొత్త కాపురం పెట్టిన జంట, ద్వారకలో మాలాంటి రిటైరైనవాళ్ళు, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కి చదివే పిల్లలు ఒకచోట కలవాలంటే ఒక ఆదివారం మొత్తం రోడ్డు మీదే గడిచిపోతుంది. ఆ దూరాన్ని ఫోన్ తగ్గించింది. వినాయక చవితి భోజనాలకి ఎవరెవరు ఏం వండి తెస్తున్నారో రాసుకోవడానికి మా వైపు వాట్సాప్ గ్రూపు మొదలైంది. పండగైపోయింది, గ్రూపు మిగిలింది. అప్పట్లో ఒక గ్రూపులో 256 మందికే చోటుండేది. అది నిండితే రెండోది తెరిచారు. 2022లో ఆ పరిమితి ముందు 512కి, తరవాత 1024కి పెరిగాక రెంటినీ కలిపేశారు.

ఊరికి దూరమైనవాళ్ళే భాష పేరున ముందు కూడుతారనడానికి మన చరిత్రలోనే సాక్ష్యాలున్నాయి. ఆంధ్ర పత్రిక పుట్టింది బొంబాయిలో, 1908లో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అక్కడ అమృతాంజనం వ్యాపారం చేస్తూ వారపత్రికగా దాన్ని మొదలుపెట్టారు. 1914లో మద్రాసు చేరి దినపత్రికయింది, ఆంధ్రోద్యమానికి గొంతు అయింది. 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న మన కుర్రాళ్ళు, కంప్యూటర్లో తెలుగు లిపి కనపడని రోజుల్లో, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసుకునే పద్ధతి ఒకటి తయారు చేసుకున్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది కాబట్టి దానికి ఆర్‌టీఎస్ అని పేరొచ్చింది. ఆ అక్షరాల్లోనే పద్యాలు పంచుకున్నారు, గంటలకొద్దీ వాదించుకున్నారు, ముఖాలు చూసుకోకుండానే దగ్గరయ్యారు. 1998లో వచ్చిన ఈమాట పత్రిక, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఆ వరసలోవే. మా ద్వారక గ్రూపుకి ఇంత పెద్ద వంశవృక్షం ఉందని అందులో ఉన్న పిల్లలకి తెలియాలని నా కోరిక.

ఒకరినొకరు ఎన్నడూ చూసుకోని లక్షలమంది, పొద్దున్నే ఒకే వార్తాపత్రిక చదువుతూ, తమలాగే ఇంకెందరో అదే చదువుతున్నారని తలుచుకోవడం నుంచే జాతి అనే భావన బలపడిందని బెనెడిక్ట్ ఆండర్సన్ 1983లో ఒక ప్రసిద్ధ పుస్తకంలో వాదించారు. ఆయన చెప్పింది అచ్చుయంత్రం కాలానికి సరిపోతుంది. ఫోన్ కాలంలో దానికి ఇంకొకటి చేరింది. పత్రిక చదివేవాడు మిగతా పాఠకుల్ని ఊహించుకుంటాడు. గ్రూపులో ఉన్నవాడు అడుగుతాడు, ఎవరో ఒకరు జవాబిస్తారు. మనమంతా ఒకటన్న భావన ఆ జవాబుల్లోంచే పుడుతుందని నా నమ్మకం. ఎలా పుడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను.

ఒక చలికాలం రాత్రి, పదకొండు దాటింది. గ్రూపులో ఎవరో కొత్తగా చేరిన నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. "ఎయిమ్స్ ట్రామా సెంటర్‌లో ఉన్నాం. అన్నయ్యకి యాక్సిడెంట్. రక్తం ఇచ్చేవాళ్ళు కావాలంటున్నారు. మాది శ్రీకాకుళం, ఇక్కడ ఎవరూ తెలీదు. మనవాళ్ళెవరైనా ఉన్నారా?" అంతా ఇంగ్లిష్ అక్షరాల్లో, గబగబా కొట్టిన తప్పులతో. రెండు నిమిషాల్లో మునిర్కా నుంచి ఒక అమ్మాయి రాసింది, "నేనిస్తాను, ఆటో దొరకట్లేదు." జేఎన్‌యూలో చదువుతోంది, ఆదిలాబాద్ పిల్ల. ఆ వెంటనే వసంత్ విహార్‌లో ఉండే ఒకాయన, "గేటు దగ్గర నిలబడు తల్లీ, కారు తీస్తున్నాను. మా అబ్బాయి కూడా వస్తున్నాడు" అన్నాడు. ఆయనది అనంతపురం. ఆ తరవాత గంటన్నర గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. నాలాగే చాలామంది నిద్రపోకుండా చూస్తూ కూర్చున్నారని మర్నాడు తెలిసింది. ఒంటిగంట దాటాక ఆ శ్రీకాకుళం కుర్రాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఇచ్చేసినారండీ, ముగ్గురూ ఇచ్చేసినారు" అన్నాడు. తరవాత గొంతు పెగల్లేదు.

శ్రీకాకుళం, ఆదిలాబాద్, అనంతపురం. మన నేలమీద ఈ మూడూ మూడు కొసల్లో ఉంటాయి. ఆ ముగ్గురూ ఇళ్ళ దగ్గరే ఉండుంటే ఒకరి మాట ఒకరి చెవిన పడే సందర్భమే రాదు. ఢిల్లీ వాళ్ళని ఒక గదిలోకి తెచ్చింది, ఆ రాత్రి వాళ్ళని ఒక ఇంటివాళ్ళని చేసింది.

అదే గ్రూపులో ఆ రోజు పొద్దున తెలుగు భాష గొప్పతనం మీద ఒక పొడుగాటి ఫార్వర్డ్ వచ్చింది. రాయలవారు మెచ్చిన భాష, తూర్పుదేశపు ఇటాలియన్ వగైరా. పాతిక మంది దణ్ణం బొమ్మలు పెట్టారు. వాటి మీద నాకు కోపమేమీ లేదు. అయితే ఇన్నేళ్ళలో ఆ ఫార్వర్డ్ చూసి గ్రూపులో నిలిచిపోయిన మనిషిని నేను చూడలేదు. విజయవాడ నుంచి వస్తూ "బీ4లో ఉన్నాను, ఇంకో రెండు కిలోలు పడతాయి, ఎవరికైనా ఆవకాయ గానీ మందులు గానీ తేవాలా" అని అడిగినవాళ్ళ వల్ల నిలిచిపోయినవాళ్ళని చాలామందిని చూశాను.

2021 ఏప్రిల్ గురించి చెప్పకుండా ఢిల్లీ తెలుగువాళ్ళ గురించి ఏం చెప్పినా అసంపూర్తే. ఏప్రిల్ 19 రాత్రి నుంచి లాక్‌డౌన్ పెట్టారు. ఆ వారం ఈ నగరంలో ఆక్సిజన్ కోసం, మంచం కోసం మనుషులు పడ్డ యాతన దేశమంతా చూసింది. మా గ్రూపులో పాటలు, పండగ శుభాకాంక్షలు, వాదాలు అన్నీ ఒక్కరోజులో ఆగిపోయాయి. ఎవరూ నియమం పెట్టలేదు, దానంతటదే ఆగిపోయింది. ఒక బ్యాంకు ఉద్యోగిని ఎక్సెల్ షీటు తయారుచేసింది. ఏ ఆసుపత్రిలో మంచం, ఎక్కడ సిలిండర్, ఎవరు ఫోన్ చేసి కనుక్కున్నారు, ఏ గంటకి. వచ్చే సమాచారంలో సగం పాతదో అబద్ధమో. అందుకే ఇద్దరు కుర్రాళ్ళు పొద్దుటి నుంచి రాత్రిదాకా ఆ నంబర్లకి ఫోన్లు చేసి "ఉంది", "అయిపోయింది", "ఎత్తట్లేదు" అని రాయడమే పనిగా పెట్టుకున్నారు. సిలిండర్లు నింపించుకోవడానికి మాయాపురి వైపు వరసలో నిలబడ్డవాళ్ళు అక్కడినుంచే వరస ఎంతుందో రాసేవాళ్ళు. ఇంట్లో అందరూ పడకేసిన కుటుంబాలకి పప్పుచారు, పెరుగన్నం గడప ముందు పెట్టి వచ్చేవాళ్ళ జాబితా మా ఆవిడ చూసుకునేది.

ఆ జాబితాలో ఒక పేరు పక్కన ఇంకో పేరు చూసి నేను ఆగిపోయాను. 2014 ఫిబ్రవరిలో, విభజన బిల్లు లోక్‌సభలో పాసైన వారం, ఆ ఇద్దరూ ఒకరినొకరు అనరాని మాటలనుకుని విడిపోయారు. అంతకు ముందు ఇరవై ఏళ్ళ స్నేహం. ఒకాయన జంతర్ మంతర్‌లో తెలంగాణ కోసం బైఠాయించినవాడు, రెండో ఆయన సమైక్యమని ప్లకార్డు పట్టినవాడు. ఏడేళ్ళు మాటల్లేవు. ఆ ఏప్రిల్లో ఒకాయన ఇంట్లో అందరికీ జ్వరాలు. అన్నం క్యారేజీ తీసుకెళ్ళినవాడు రెండో ఆయన. దాని గురించి గ్రూపులో ఇద్దరూ ఒక్క ముక్క రాయలేదు. షీటులో "ఇచ్చాను" అని మాత్రం ఉంది.

విభజన మా జీవితంలో ఎంత లోతుకి దిగిందో ఊళ్ళో ఉన్నవాళ్ళకి పూర్తిగా అర్థమవుతుందనుకోను. అశోకా రోడ్డు ఆవరణలోనే తెలంగాణ భవన్ వెలిసింది. 1976 నుంచి మమ్మల్ని మోసుకొచ్చిన ఏపీ ఎక్స్‌ప్రెస్ 2015 నవంబరులో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. విశాఖ నుంచి వేరే ఏపీ ఎక్స్‌ప్రెస్ వేశారు. తెలంగాణవాళ్ళు తమ బతుకమ్మని తమ పేరున ఆడుకోవడం న్యాయం. అంతకు ముందు దశాబ్దాలపాటు "తెలుగు" అంటే ఒక ప్రాంతపు మాట, ఒక ప్రాంతపు పండగే అన్నట్టు నడిచింది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచిక వేసింది అలాంటి చూపుకి జవాబుగానే. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, ఆయన ఊరూరా వెతికి 354 మంది కవుల్ని పేరుపేరునా అచ్చులో నిలబెట్టారు. కాబట్టి విడి గ్రూపులు పెట్టుకోవడం వల్ల తెలుగు ముక్కలైపోతుందని నేనెప్పుడూ దిగులుపడలేదు. పలకని పేర్లు పలికితే ఏ సమూహమైనా పెద్దదే అవుతుంది.

నా దిగులు వేరే రకం గ్రూపుల గురించి. కార్తీకమాసం రాగానే కులానికో వనభోజనం, ఆ వనభోజనానికో గ్రూపు. ఊళ్ళో ఉన్న గోడల్నే సూట్‌కేసులో పెట్టుకుని ఇంత దూరం మోసుకొచ్చి, మళ్ళీ ఇక్కడి పార్కులో కట్టుకోవడం నాకు మింగుడుపడదు. 2024 మే నెల ఎన్నికలప్పుడు పెద్ద గ్రూపులో జరిగిన గొడవలకి మూలాలు అక్కడివే. పార్టీ పేరుతో మొదలైన మాట రెండో మెసేజ్‌కి కులం దగ్గరికి చేరేది. రోజుకి ఇద్దరు ముగ్గురు వెళ్ళిపోయారు. అడ్మిన్‌గా ఉన్న టీచరమ్మ ఒక రాత్రి అందరి నోళ్ళూ మూసి, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి వీల్లేకుండా పెట్టేసింది. మర్నాడు పొద్దున తెరిచి ఒక్కటే రాసింది: "మీలో ఎవరికి ఎవరు రక్తమిచ్చారో నా దగ్గర జాబితా ఉంది. కావాలంటే కులాలవారీగా పంపుతాను." ఆ తరవాత చాలారోజులు ఎవరూ నోరెత్తలేదు. ఆవిడకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

పిల్లల గురించి కూడా చెప్పాలి. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు మాకు దూరమయ్యాయి. గ్రూపులో ఇంగ్లిష్ అక్షరాల తెలుగు చూసి మొదట్లో నాకు కష్టంగా ఉండేది. ఒకరోజు మా అమ్మాయి ఆ మెసేజ్‌లు పైకి చదువుతూ వాళ్ళమ్మని అర్థాలు అడుగుతుంటే విన్నాను. "అమ్మా, 'ఏటి సేత్తన్నారు' అంటే ఏంటి?" "గట్లనే" అంటే ఏమిటి, "ఏమప్పా" అని ఎవరంటారు. నేను మా ఊళ్ళో పెరిగిన పాతికేళ్ళలో విన్నదానికంటే ఎక్కువ తెలుగుల్ని అది ద్వారక ఫ్లాట్‌లో కూర్చుని వింటోంది. వాయిస్ మెసేజ్‌లు వచ్చాక ఇది ఇంకా పెరిగింది. రాసేటప్పుడు అందరం ఒకే పుస్తకాల భాషలోకి దిగుతాం. గొంతు విప్పితే ఎవరి ఊరు వాళ్ళ నోట్లో పలుకుతుంది. లిపి కూడా రావాలి, ఆ పట్టుదల నేను వదలను. ఆదివారాలు మా ఇంట్లో నలుగురు పిల్లలకి అక్షరాలు దిద్దిస్తున్నాను. ఆ పిల్లలు వచ్చింది గ్రూపులోంచే.

2024 జూలై 27 రాత్రి నన్ను ఇంకా వదలలేదు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వాననీళ్ళు ముంచెత్తి, అక్కడి లైబ్రరీలో చదువుకుంటున్న ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ వీధుల్లో మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎందరో ఉంటారు. వార్త రాగానే గ్రూపులో అందరిదీ ఒకటే ప్రశ్న, "మనవాళ్ళెవరైనా ఉన్నారా?" శ్రీకాకుళం కుర్రాడు ఆ చలిరాత్రి అడిగిన మాటలే. తల్లిదండ్రులు ఊళ్ళనుంచి ఫోన్లు చేస్తున్నారు, పిల్లల ఫోన్లు కలవట్లేదు, అడగక ఏం చేస్తారు. ఒక్కొక్కరే "నేను బాగానే ఉన్నా", "మా రూమ్మేట్లు సేఫ్" అని రాస్తుంటే ప్రాణాలు లేచివచ్చాయి.

తెల్లారాక వివరాలు వచ్చాయి. ఒక అమ్మాయిది ఉత్తరప్రదేశ్, అబ్బాయిది కేరళ, ఇంకో అమ్మాయి కుటుంబం తెలంగాణలో ఉంటోంది. ఆ అమ్మాయి పేరు చూసి ఎవరో అడిగారు, ఈమె మన తెలుగమ్మాయేనా అని. చెడు ఉద్దేశంతో అడిగిందేమీ కాదు. కాసేపటికి గ్రూపులో ఎప్పుడూ మాట్లాడని ఒక పెద్దావిడ వాయిస్ మెసేజ్ పెట్టింది. "నాయనా, నా మనవడు ఢిల్లీలో పుట్టాడు. వాడిదీ ఇక్కడివాళ్ళకి కొత్త పేరే. వాడికేమన్నా అయితే వీడు మా ఢిల్లీ పిల్లాడేనా అని ఈ ఊరివాళ్ళు పేరు చూసి అడిగితే నా కడుపు ఎంత రగిలిపోతుంది? మన నేలమీద ఉన్నపిల్ల మనపిల్ల కాదా? ఆ కేరళ పిల్లాడి తల్లి తల్లి కాదా?"

ఆ మాటకి జవాబుగా ఎవరూ ఏమీ రాయలేదు. సాయంత్రం గ్రూపులోని పిల్లలు కొందరు రాజిందర్ నగర్ వెళ్ళి, అక్కడ రోడ్డు మీద కూర్చున్న విద్యార్థులకి నీళ్ళు, బిస్కెట్లు ఇచ్చివచ్చారు. అక్కడ ఎవరు ఏ భాషవాళ్ళని చూడలేదని చెప్పారు. మద్రాసీ అన్న మాటకి నొచ్చుకుని తెలుగువాణ్ణయిన నాకు, తెలుగు అన్న మాట ఇంకొకరిని నొప్పించే గీత కాకూడదని ఆ పెద్దావిడ నేర్పింది. మా గ్రూపు నాకిచ్చినవాటిలో అన్నిటికంటే విలువైనది అదే.

ఇక గ్రూపులో లేనివాళ్ళున్నారు. ఎయిమ్స్ బయట, మెట్రో స్టేషన్ దిగే దారిలో, దుప్పట్లు పరుచుకుని నెలల తరబడి పడుకునే రోగుల బంధువుల్లో మన రెండు రాష్ట్రాలవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. హిందీ రాదు, ఏ కౌంటర్‌కి వెళ్ళాలో తెలీదు, చేతిలో బటన్ల ఫోను. వాళ్ళని వెతుక్కుంటూ ఏ మెసేజూ వెళ్ళదు. ఢిల్లీలో ఉండే చదువరులకి నాదొక మనవి. ఈసారి అటువైపు వెళ్ళినప్పుడు ఒక్క పది నిమిషాలు ఆగి, తెలుగు వినపడితే పలకరించండి. వాట్సాప్ ఉంటే గ్రూపులో చేర్చండి. లేకపోతే మీ నంబరు పెద్ద అంకెలతో కాగితం మీద రాసిచ్చి, వాళ్ళ మంచం నంబరు, ఏం కావాలో రాసుకొచ్చి మీరే గ్రూపులో పెట్టండి.